కుంకుమపువ్వు పాల మీద మీగడ

పాలు కాగుతున్న వాసనకు నా నాలుక ఇప్పటికీ వెనక్కి ముడుచుకుంటుంది. పాప పుట్టి నెలలు గడిచాయి, వేవిళ్లు ఎప్పుడో పోయాయి, అయినా పొయ్యి మీద పాలగిన్నె పెట్టగానే నేను వంటింట్లోంచి బాల్కనీలోకి వచ్చేస్తాను. ఇదంతా రాత్రిపూట, పాప పడుకున్నాక రాయడానికి కారణం అదే. పొద్దున్నయితే ఇంట్లో పాలు కాగుతుంటాయి.

కడుపుతో ఉన్నవాళ్లు ఏమేం తినకూడదో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. ఏం తినాలో చెప్పిన మనిషి ఒకే ఒక్కరు, మా డాక్టరమ్మ. ఆవిడ మాట మా ఇంట్లో చాలాకాలం ఎవరూ వినలేదు.

మొదటిసారి నాకు కడుపు నిలవలేదు. మూడో నెల దాటకుండానే పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే, తణుకు నుంచి మా అత్తయ్య ఫోన్ చేసి మా ఆయన్ని అడిగిన మొదటి మాట, "ఏం తిందిరా?" అని. అంతకు కొద్దిరోజుల ముందు మేం ఒక పెళ్లికి వెళ్లాం. అక్కడ పళ్ల బల్ల మీద బాగా పండిన బొప్పాయి ముక్కలు కనిపిస్తే రెండు తిన్నాను. ఆ సంగతి మా ఆయన దాచలేకపోయాడు. రెండు ముక్కల పండుకు కడుపు పోదని, తొలి నెలల్లో ఇలా జరగడం చాలామందిలో ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. నేను బయాలజీతో డిగ్రీ చేసినదాన్ని. ఆవిడ చెప్పినదంతా నాకు అర్థమైంది. అయినా ఆ మెత్తటి ముక్క నోట్లో కరిగిన తీరు గుర్తొస్తే నా నోరే నాకు రోతగా ఉండేది. రోజుకు నాలుగైదుసార్లు పళ్లు తోముకునేదాన్ని.

అందుకని రెండోసారి నెల తప్పినప్పుడు, అడగకుండానే మా అత్తయ్య రైలెక్కి వచ్చేస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఈసారి నా నోటికి ఎవరో ఒకరు కాపలా ఉంటారు కదా అనుకున్నాను.

మేముండేది శంషాబాద్‌లో, ఒక ఇంటి పైఅంతస్తులో కిరాయికి. కింద ఇంటివాళ్లు ఉంటారు. వాళ్ల సొంతూరు పాల్మాకుల. అక్కడ ఇంకా కొంచెం పొలం, రెండు బర్రెలు ఉన్నాయి. ఓనరాంటీ కొడుకు రోజూ పొద్దున బండి మీద వెళ్లి పాలు పిండుకుని వస్తాడు. మా ఆయన ఎయిర్‌పోర్టులో, కార్గోలో పని చేస్తాడు. ఇంటి మీదుగా విమానాలు ఎంత కిందికి వస్తాయంటే, చక్రాలు విప్పుకోవడం కూడా కనిపిస్తుంది. మాకు అలవాటైపోయింది. అత్తయ్య మాత్రం వచ్చిన కొత్తల్లో ప్రతిసారీ తల వంచుకునేవారు.

వచ్చిన రోజే ఆవిడ వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూశారు. నువ్వులు, బెల్లం కిందింటికి పంపేశారు. "వేడి తల్లీ. నిలిచింది కూడా జారిపోతుంది." ఫ్రిజ్‌లోని అనాసపండు జామ్ చెత్తబుట్టలో పడింది. గుడ్డు వేడి. వంకాయ తింటే పిల్లకి దురదలు. గుమ్మడికాయ వాతం. పెరుగు జలుబు. నల్ల ద్రాక్ష, నేరేడుపళ్లు, రాగిజావ తినకూడదు, ఎందుకంటే అవి నల్లగా ఉంటాయి, పిల్ల కూడా నల్లగా పుడుతుంది. చివరికి నాకు మిగిలినవి చారు, పొట్లకాయ, బీరకాయ, పాలు.

పెరట్లో ఆంటీ వాళ్ల బొప్పాయి చెట్టు ఒకటి ఉండేది. దాని తల సరిగ్గా మా పడకగది కిటికీ ఎత్తుకు వచ్చింది. కాయలు పండడం మొదలుపెట్టాయి. అత్తయ్య కిటికీ రెక్కలు మూయించారు. "చూడకు. చూస్తే మనసు లాగుతుంది." పైన చూలింత ఉందని ఆంటీ కూడా ఆ పళ్లు కోయించడం మానేసింది. కోసి ఇంట్లో పెడితే వాసన పైకొస్తుందట. దాంతో పళ్లు చెట్టు మీదే మాగి, పిట్టలు పొడిచి, లోపలి నల్ల గింజలు బయటపడి, చీమలు పట్టి, పులిసిపోయాయి. కోసి ఉంటే ఒక పూట ఉండే వాసన, కోయకపోవడం వల్ల నెలల తరబడి మూసిన కిటికీ సందుల్లోంచి వచ్చింది. ఆ చెట్టు నా పక్కనే నిలబడి కుళ్లిపోతున్నట్టుండేది.

వేవిళ్లు మూడో నెలతో ఆగుతాయంటారు. నాకు ఆగలేదు. వాసనలన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి. మా ఆయన డ్యూటీ నుంచి వస్తే యూనిఫాం గుమ్మం బయటే విప్పించేదాన్ని. కార్గోలో చేపల పెట్టెలు, మాంసం పెట్టెలు వస్తాయి. ఒక్కోసారి పెట్టె పగిలి మంచునీళ్లు కారతాయి. ఆ నీళ్లు అతని బూట్ల కుట్లలోకి వెళ్లి ఎండిపోయి ఉండేవి. "నేనేం తాకలేదే," అని ప్రమాణం చేసేవాడు. తాకక్కర్లేదు. చెకప్‌కు అత్తాపూర్ వైపు వెళ్లాలంటే గగన్‌పహాడ్ మీదుగా వెళ్లాలి. అక్కడ ఫ్యాక్టరీల దగ్గరికి రాగానే కాలిన రబ్బరు, మాడిన నూనె, ఇంకా పేరు తెలియనివేవో కలిసి కారు అద్దాలు ఎక్కించినా లోపలికి వచ్చేవి. నేను ఒళ్లో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకునేదాన్ని. ఆ కవరు వాసనకు కూడా వాంతయ్యేది.

ఐదో నెలలో ఒకరోజు ఓనరాంటీ గిన్నె మీద మూత పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏంది బిడ్డా, గిట్లయినవ్? మొకంల నెత్తురు సుక్క లేదు. కాళ్ల షోర్వ తెచ్చిన. జర వేడిగున్నప్పుడే తాగు."

మూత తీసింది. మేక కాళ్ల పులుసు. పైన నూనె, కొవ్వు కలిసి పసుపుపచ్చ కళ్లలాంటి చుక్కలు తేలుతున్నాయి. కాల్చిన వెంట్రుకల వాసన. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"అయ్యో వదినగారూ, మేక కాళ్లా!" అన్నారు అత్తయ్య. "పేడలో తిరిగిన కాళ్లు కదండీ. చూలింతకి ఎలా పెట్టమంటారు?"

"మీ గోదారోళ్లు రొయ్యలు తింటరు కదమ్మా. అవి పురుగుల లెక్కనే ఉంటయి. అవి పనికొస్తయి గానీ మేక కాళ్లు పనికిరావా?"

"రొయ్యలు కూడా పెట్టట్లేదండీ దీనికి."

"మరి ఏం పెడుతున్రు?"

"చారన్నం, బీరకాయ. కొంచెం కొంచెం."

ఇప్పుడైనా ఆంటీ నా తరఫున పోట్లాడుతుందని నేను ఆశపడ్డాను. ఆవిడ తల ఊపింది.

"గది మంచిదే. ఏడో నెల పడ్డంక ఇంకా తక్కువ పెట్టాలె వదినా. కడుపు నిండ తింటే లోపల పిల్ల పెద్దగైతది. ఇగ దవాఖానల కోసుడే. మా పెద్ద కోడలు గట్లనే తిన్నది. కోసిన్రు."

నువ్వుల దగ్గర, మజ్జిగ దగ్గర, మేక కాళ్ల దగ్గర వీళ్లిద్దరికీ ఒక్కసారి కూడా మాట కలవలేదు. నాకు తక్కువ పెట్టాలన్న ఒక్కదాని మీద మాత్రం కలిసింది. షోర్వ గిన్నె మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆంటీ ఇచ్చే బర్రెపాలే మా ఇంటికి వచ్చేవి. మంచి చిక్కటి పాలు. వాటిలోకి కుంకుమపువ్వు. దుబాయ్ నుంచి వచ్చే తెలిసినవాళ్లతో మా ఆయన తెప్పించిన చిన్న డబ్బా అది. అత్తయ్య దాన్ని దేవుడి గూట్లో పెట్టారు. రోజూ రాత్రి భోజనమయ్యాక, నేను నాలుగు ముద్దలు తిని లేచాక, స్టీలు గ్లాసులో పాలు తెచ్చి నా ముందు పెట్టేవారు.

ఆ గ్లాసు గురించి రాయాలనే నేను కూర్చున్నాను. పాలు చల్లారేలోపు పైన మీగడ కట్టేది. పల్చటి మీగడ కాదు, ముడతలు పడే మందపాటి తొరక. వేడినీళ్లు పడి కాలిన చేతి మీద చర్మం లేస్తుందే, అలా ఉండేది. అందులో కుంకుమపువ్వు పోగులు తడిసిన వెంట్రుకల్లా అతుక్కుని వంకర్లు తిరిగేవి. పైన విమానం దిగేటప్పుడు ఇల్లంతా సన్నగా అదిరి, గ్లాసులో ఆ తొరక వణికేది. దాని కింద ఏదో ప్రాణంతో ఉన్నట్టు. నేను ఊది పక్కకు జరిపితే అది తిరిగి వచ్చి పెదవికే తగిలేది. ఒకసారి మొత్తం పైపెదవికి అంటుకుపోయింది. అత్తయ్య నవ్వి, తన వేలితో తీసి నా నోట్లోనే పెట్టారు. "సారమంతా అందులోనే ఉంది పిచ్చిదానా."

"వడగట్టి ఇవ్వండి అత్తయ్యా."

"వడగడితే ఇక పాలెందుకు? తాగమ్మా. బంగారంలాంటి పిల్ల పుడుతుంది. మీవైపు అందరూ కొంచెం చామనఛాయ కదా."

ఆ మాట ఆవిడ నన్ను కించపరచడానికి అనలేదు. ఆకాశం మబ్బు పట్టింది అన్నట్టుగానే అన్నారు. అందుకే మరీ రోత పుట్టింది.

డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు ఫ్రిజ్ పైన ఉండేవి. అత్తయ్య అక్కడ పెట్టి, "నేను ఇస్తాలే" అన్నారు. ఇవ్వలేదు. వాటితో పిల్ల నల్లబడుతుందని ఆవిడ నమ్మకం. నేనూ అడగలేదు. ఆ మాత్ర వేసుకుంటే రోజంతా నోట్లో తుప్పు పట్టిన తాళంచెవి చప్పరిస్తున్నట్టు ఉండేది. ఎవరైనా వద్దంటే వద్దనేసుకునే స్థితిలో ఉన్నాను. పిల్ల లోపల కదులుతోంది, అది చాలు అనుకునేదాన్ని. కదలికలు కాసేపు ఆగితే బొప్పాయి వాసన గుర్తొచ్చేది. మంచం మీద లేచి కూర్చుని, కడుపు మీద చెయ్యేసి, అది మళ్లీ తన్నేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

ఏడో నెలలో సీమంతం చేశారు. తణుకు నుంచి చుట్టాలు వచ్చారు, చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. గాజులు తొడిగారు. తర్వాత వచ్చిన ప్రతి ఆవిడా మిఠాయి తుంచి నా నోట్లో పెట్టాలి. అది ఆచారం. ఒకావిడ వేళ్లకు పసుపు, ఇంకొకావిడ వేళ్లకు కొబ్బరినూనె, మరొకావిడ అప్పుడే పులిహోర తిని వచ్చింది. వేళ్లు నా పెదవుల మధ్యకి వచ్చి వెళ్తున్నాయి, లోపల జీడిపప్పు, లడ్డూ, కాజా, ఎవరిదో గోరు గీసుకున్న చురుకు. మింగలేను, ఉమ్మలేను. ఫోటో తీసే అతను "మేడం, కొంచెం నవ్వండి" అంటున్నాడు. ఇంతా చేస్తే అన్నీ చిటికెడు ముక్కలే. నా ముందు విస్తట్లో రకరకాల చిత్రాన్నాలు. ముద్ద కలపబోయేసరికి అత్తయ్య వంగి చెవిలో అన్నారు. "రుచి చూసి వదిలెయ్. అందరూ చూస్తున్నారు."

అప్పటికే అందరూ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. "పొట్టే తెలియట్లేదే! ఎంత నాజూగ్గా ఉందో." "వదిన చూసుకోవడంలో ఉందమ్మా." అత్తయ్య ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాతి వారం స్కాన్.

డాక్టరమ్మ రిపోర్టు చూసి నన్ను బరువు తూచే మిషన్ ఎక్కించింది. దిగి మళ్లీ ఎక్కమంది. తర్వాత కళ్ల కింది రెప్ప లాగి చూసింది.

"ఏం తింటున్నారు?"

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య ముందుకు వచ్చారు. ఆవిడ గొంతులో గర్వం. "చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నామమ్మా. ఏదీ ఎక్కువ పెట్టట్లేదు. పిల్ల చిన్నగా ఉంటే కాన్పు తేలిక కదా."

డాక్టరమ్మ ఫైలు తిరగేసింది.

"మాత్రలు?"

"అవి వేడండీ. పైగా..." అత్తయ్య గొంతు తగ్గించారు, "రంగు..."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కోపం తెచ్చుకోలేదు. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "బిడ్డ పెరగాల్సినంత పెరగడం లేదమ్మా. ఈవిడ ఒంట్లో రక్తం లేదు. ఆ బిడ్డ ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? రెండు వారాలు చూస్తాను. ఇలాగే ఉంటే నెలలు నిండకముందే బయటికి తీయాల్సి వస్తుంది. తీశాక ఎలా ఉంటుందో నేను మాట ఇవ్వలేను."

మొదట్లోనే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. "మేడం, ఏం తినకూడదు?"

"పచ్చిపాలు, సరిగ్గా ఉడకని మాంసం, పచ్చిగుడ్డు, పచ్చి బొప్పాయి, రోడ్డు మీద కోసి పెట్టిన పళ్లముక్కలు. కాఫీ తగ్గించండి. మిగతావన్నీ తినండి. ఆకలైతే తినండి, కాకపోయినా తినండి."

ఇంతే. ఇన్ని నెలలుగా నా ముందు నుంచి తీసేసిన గిన్నెల్లో ఆవిడ చెప్పినవి ఒకటో రెండో. తిరుగు ప్రయాణంలో గగన్‌పహాడ్ వచ్చింది, ఆ వాసన వచ్చింది. నాకు వాంతి కాలేదు. కడుపులో వాంతి చేసుకోవడానికి కూడా ఏమీ లేదు.

ఆ సాయంత్రం గ్లాసు మళ్లీ నా ముందుకు వచ్చింది. పసుపుపచ్చ తొరక, వెంట్రుకల్లాంటి పోగులు.

"తాగను," అన్నాను.

"అలసిపోయావు. తాగి పడుకో."

"నేను తాగను అత్తయ్యా. నాకు అన్నం పెట్టండి. గుడ్డు పెట్టండి. పిల్ల నల్లగా పుట్టనివ్వండి, తెల్లగా పుట్టనివ్వండి. పుట్టనివ్వండి ముందు."

గొంతు పెద్దదైనట్టుంది. కింద నుంచి ఆంటీ వచ్చేసింది. "ఏమైంది? ఏందీ లొల్లి?" డాక్టరమ్మ అన్నది చెప్పాను. "గీ డాక్టర్లు గట్లనే భయపెడ్తరు బిడ్డా. పరేషాన్ కాకు," అంది. నేను ఆవిడ వైపు ఎలా చూశానో తెలియదు. "నేనేమన్ననమ్మా ఇప్పుడు," అని గడప దగ్గరే ఆగిపోయింది.

అత్తయ్య గ్లాసు తీసి పక్కన పెట్టారు. మీగడ అంచుకు అంటుకుని ఒకవైపు జారింది. ఆవిడ దాన్నే చూస్తూ మాట్లాడారు.

"నాకు మా అమ్మ రోజూ సున్నుండలు చేసి పెట్టింది. కడుపు నిండా తిన్నాను. వీడు ఇంత పెద్దగా పుట్టాడు." రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించారు. "రెండు రోజులు నొప్పులు. చిరిగిపోయాను. ఆ తర్వాత నెలల తరబడి నా ఒంటి మీద నాకు పట్టు లేదు. కూర్చున్నచోట తడి. మా అత్తగారు నా చాప పశువుల కొట్టం పక్కన వేయించింది. కంపు అని. పిల్లాడికి పాలివ్వడానికి మాత్రం తెచ్చి ఇచ్చి, ముక్కు మూసుకుని నిలబడేవాళ్లు. మీ మామయ్యగారూ అంతే." "నీకు ఆ గతి పట్టకూడదనే. నీ మీద కోపం ఉండి కాదు."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన గుమ్మం బయట, యూనిఫాం బొత్తాలు విప్పుతూ అంతా విన్నాడు. ఆ సంగతి అతనికీ తెలియదు. బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది.

నాకు ఆవిడ మీద జాలి కలిగింది. అసహ్యం మాత్రం పోలేదు. ముక్కు మూసుకుని నిలబడ్డవాళ్ల మీద, చాపను కొట్టం పక్కకు తోసినవాళ్ల మీద, అంత జరిగినా నాకు అన్నమే తగ్గించాలని తోచిన ఆవిడ మీద, చదువుకుని కూడా నాలుగు ముద్దలతో లేచిన నా మీద, అందరి మీదా కలిపి పుట్టిన అసహ్యం అది. ఆంటీ గడప దగ్గర నుంచి కదిలింది. "ఇగ ఊకో వదినా. నేను రేపు షోర్వ చేస్త. మంచిగ ఉడకబెడ్త," అని దిగిపోయింది.

మర్నాటి నుంచి తిండి మొదలైంది. సంతోషంగా తిన్నానని చెప్తే అబద్ధం. గుడ్డు పచ్చసొన అంగిట్లో సున్నంలా అతుక్కునేది. షోర్వ గిన్నె పట్టుకుంటే చేతులకు జిడ్డు. ముక్కు మూసుకుని తాగితే కొవ్వు పెదవుల మీదే గడ్డకట్టేది. మాత్రలు నిమ్మరసంతో మింగేదాన్ని. తారులాంటి మలం చూసి మొదటిరోజు భయపడి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మామూలేనంది. తిన్నది సగం బయటికి వచ్చేది. నోరు కడుక్కుని మళ్లీ కూర్చునేదాన్ని. అత్తయ్య ఎదురుగా కూర్చునేవారు కాదు. వంటింట్లోనే ఉండి, నా పళ్లెం చప్పుడు వినేవారు.

ఒకరోజు మధ్యాహ్నం బయటి నుంచి మెత్తగా, బరువుగా ఏదో పడిన చప్పుడైంది. బొప్పాయి పండు చెట్టు మీద నుంచి రాలి సిమెంటు గచ్చు మీద పగిలింది. కిటికీ తీసి చూశాను. నారింజరంగు గుజ్జు, మధ్యలో కప్పగుడ్లలా గింజలు, అప్పటికే ఈగలు. ఆంటీ కొడుకు ముక్కుకు తువ్వాలు కట్టుకుని పైపుతో నీళ్లు కొడుతున్నాడు. "అక్కా, ఇగ మిగిలినవి కూడ కోసేస్త. మస్తు కంపు కొడ్తున్నయి," అన్నాడు తలెత్తి. కోసెయ్యమన్నాను. అత్తయ్య వెనక నుంచి చూశారు కానీ కిటికీ మూయమనలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో మినప్పప్పు వేగుతున్న వాసన వచ్చింది. అత్తయ్య చిన్న పళ్లెంలో ఒక సున్నుండ తెచ్చి నా పక్కన పెట్టి, తల పక్కకు తిప్పుకుని నిలబడ్డారు. కిందింటికి పంపేసిన బెల్లం డబ్బా తిరిగి తెచ్చుకున్నట్టున్నారు.

"ఒక్కటే. ఎక్కువ కాదు."

నెయ్యి వాసన గుప్పుమంది. అయినా కొరికాను. నమలలేక, నీళ్లు తాగి మింగాను. ఒక్కో ముక్క నా గొంతు దిగుతుంటే ఆవిడకి ఆ రెండు రోజుల నొప్పులు గుర్తొస్తున్నాయేమో.

రెండు వారాల తర్వాత స్కాన్‌లో డాక్టరమ్మ అంది. "పెరిగింది. చాలదు కానీ, పెరిగింది. ఇలాగే తినండి." అత్తయ్య ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నారు.

పాప నెలలు దాదాపు నిండాకే పుట్టింది. అంత భయపడ్డ కోత తప్పలేదు. లోపల నీరు తగ్గిందని ఆపరేషన్ చేశారు. పిల్ల చిన్నదే, అయినా కోశారు. ఆంటీ లెక్క ప్రకారం అలా కాకూడదు. మత్తు దిగుతుంటే గొంతంతా చేదు, నోట్లో మందుల వాసన. పక్కన నర్సు పాపను గుడ్డలో చుట్టి అత్తయ్యకు ఇవ్వబోతోంది. గుడ్డలోంచి కనబడుతున్న ముఖం నల్లగా, తడిగా, ముడతలుగా ఉంది. అచ్చం మా నాన్న రంగు. అత్తయ్య ఏమంటారోనని నేను కళ్లు సగం మూసుకున్నాను.

ఆవిడ చేతులు చాచలేదు. "బరువెంతమ్మా?" అన్నారు. నర్సు చెప్పింది. "ఫరవాలేదా?" "తక్కువే కానీ ఫరవాలేదమ్మా. అద్దాల పెట్టెలో పెట్టక్కర్లేదు." అప్పుడు తీసుకున్నారు.

మూడో రోజు ఇంటి నుంచి క్యారియర్ తెచ్చారు. దానితోపాటు ఫ్లాస్కు. మంచం పక్కన కూర్చుని గ్లాసులో పోసి చల్లార్చారు. కుంకుమపువ్వు పాలే. "బాలింతకి పాలు పడతాయి," అన్నారు. నేను గ్లాసు వైపు చూశాను. ఆవిడే మళ్లీ, "మీగడ తీసేశానులే," అన్నారు.

వేలితో తీసినట్టున్నారు. గ్లాసు అంచుకు సన్నటి పొర ఒకటి అతుక్కుని ఎండుతోంది. అందులో ఒక పోగు. కుట్లు లాగుతున్నా నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"పాలు వద్దు అత్తయ్యా. ఆకలేస్తోంది. అన్నం పెట్టండి."

ఆవిడ గ్లాసు కాసేపు చేతిలో తిప్పారు. పారబోయడానికి మనసొప్పక తనే గటగటా తాగేసి కొంగుతో మూతి తుడుచుకున్నారు. క్యారియర్ విప్పి, వెల్లుల్లి కారం, నెయ్యి వేసి అన్నం కలిపారు. అలవాటుగా గరిటెతో పిడికెడు పళ్లెంలో పెట్టి, "చాలా?" అన్నారు. ఆ మాట నోటి నుంచి వచ్చేశాక, పక్కన ఉయ్యాలలో పడుకున్న పాప వైపు చూశారు. గుడ్డల్లో అసలు ఉందో లేదో తెలియనంత ఉంది అది.

నేను జవాబు చెప్పకముందే గరిటె మళ్లీ క్యారియర్‌లో ముంచారు.